మాంసానికి రేడియేషన్ కంటే ముందు చల్లదనం కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఆహార పదార్థాలను రేడియేషన్‌తో శుద్ధి చేసే 50 బహుళోత్పత్తి కేంద్రాలకు ఆర్థిక సాయం చేస్తామని కేంద్ర ప్రభుత్వం 2024 జులై బడ్జెట్‌లో ప్రకటించింది. వాటికీ, మరో 100 ఆహార పరీక్షా ప్రయోగశాలలకూ కలిపి 1000 కోట్ల రూపాయలు ఇవ్వడానికి 2025 జులైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ కేంద్రాల్లో ఒకటి మన దక్షిణ తెలంగాణకు వస్తే మాంసం రోజుల తరబడి నిలవ ఉంటుందనీ, అప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్ గొల్లకుర్మల జీవాలకు గల్ఫ్ ధర పలుకుతుందనీ మా ప్రాంతంలో కొందరు గట్టిగా నమ్ముతున్నారు. పశుసంవర్ధక శాఖలో ఉద్యోగం చేసి రిటైరైన వాడిగా, ఆ ఆశ వెనక ఉన్న జమాఖర్చులను పాఠకుల ముందు పెట్టడం నా బాధ్యత అనుకుని ఈ లేఖ రాస్తున్నాను. రేడియేషన్‌కు నేను వ్యతిరేకిని కాను. దాని ఖర్చు కిలోకు కొన్ని రూపాయలే కావచ్చు, కానీ దానికి ముందు, దాని తరువాత ఉండవలసిన చల్లదనం, శుభ్రమైన కోత, ప్యాకింగ్ లేకపోతే ఆ కొన్ని రూపాయలు కూడా బూడిదలో పోసిన పన్నీరే అవుతాయని మాత్రం చెప్పదలచుకున్నాను.

మొదట అనుమతి సంగతి. మన దేశంలో మాంసం, కోడిమాంసాలకు రేడియేషన్ ఇవ్వడానికి 1998లోనే అనుమతి వచ్చింది. అప్పుడు నిర్ణయించిన మోతాదు 2.5 నుంచి 4 కిలోగ్రేలు (పదార్థం పీల్చుకున్న రేడియేషన్‌కు కొలత గ్రే, వెయ్యి గ్రేలు ఒక కిలోగ్రే). ఆహారానికి 10 కిలోగ్రేల దాకా ఇస్తే విషప్రమాదం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ, అంతర్జాతీయ అణుశక్తి సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 1980లోనే తేల్చింది. మసాలా దినుసుల కోసం నవీ ముంబైలోని వాషిలో 2000లో, ఉల్లి వంటి పంటల కోసం నాసిక్ జిల్లా లాసల్‌గావ్‌లో 2002లో ప్లాంట్లు మొదలయ్యాయి. మన మామిడి 2007లో అమెరికా మార్కెట్‌కు వెళ్లగలిగిందంటే లాసల్‌గావ్‌లో ఇచ్చిన 400 గ్రేల మోతాదే కారణం. మరి అనుమతి ఉండి పాతికేళ్లు దాటినా రేడియేషన్ ముద్ర ఉన్న మటన్ ప్యాకెట్ మన దుకాణాల్లో ఎందుకు కనిపించదు? చట్టం అడ్డుపడి కాదు. లెక్క కుదరక.

ఆ లెక్కను కొంచెం వివరంగా చూద్దాం. ఒక కిలోగ్రే అంటే కిలో పదార్థం 1000 జౌళ్ల శక్తిని పీల్చుకోవడం. మాంసానికి 3 కిలోగ్రేలు ఇస్తే కిలోకు 3000 జౌళ్లు చేరతాయి, దానితో ఆ ముక్క వేడి ఒక డిగ్రీ కూడా పెరగదు. అందుకే మాంసం పచ్చిగానే ఉంటుంది, కానీ అందులోని సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియా చాలా వరకు చస్తుంది, 0 నుంచి 3 డిగ్రీల చల్లదనంలో వారం రోజులు నిలిచే మాంసం రెండు మూడు వారాల దాకా నిలుస్తుంది. ఇక ప్లాంటు వైపు చూస్తే, అక్కడ కిరణాలిచ్చేది కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం, దాని బలాన్ని క్యూరీల్లో కొలుస్తారు. లక్ష క్యూరీల కోబాల్ట్-60 నుంచి వచ్చే శక్తి సుమారు 1480 వాట్లు. అందులో 30 శాతం సరుకులోకి చేరుతుందనుకుంటే గంటకు సుమారు 530 కిలోల మాంసాన్ని శుద్ధి చేయవచ్చు. రోజుకు 20 గంటలు నడిపితే పదిన్నర టన్నులు. వాణిజ్య స్థాయిలో ఇది చిన్న ప్లాంటే. మన పొట్టేలు ఒక్కోటి 13 కిలోల మాంసం ఇస్తుందనుకుంటే, ఈ చిన్న ప్లాంటు కడుపు నిండాలన్నా రోజుకు 800 జీవాలు కోయాలి, కోసిన మాంసమంతటినీ అదే రోజు చల్లబరచి ప్యాక్ చేసి తలుపు దగ్గర నిలబెట్టాలి. నల్లగొండలో గానీ, నాగర్‌కర్నూల్‌లో గానీ, వనపర్తిలో గానీ ఆ పని చేయగల కోతశాల ఎక్కడుందో ప్లాంటు అడుగుతున్నవారు ముందుగా చూపించాలి.

కోబాల్ట్‌తో ఇంకో చిక్కు ఉంది. దాని అర్ధాయువు, అంటే బలం సగానికి తగ్గే కాలం, 5.27 సంవత్సరాలు, అంటే ఏటా 12 శాతానికి పైగా శక్తి తరిగిపోతుంది. సరుకు వచ్చినా రాకపోయినా, ప్లాంటు తలుపులు మూసి ఉన్నా, నీటి తొట్టిలో దించి ఉంచిన ఆ కోబాల్ట్ కడ్డీల బలం తరిగిపోతూనే ఉంటుంది. లక్ష క్యూరీల బలం నిలబెట్టుకోవాలంటే ఏటా దాదాపు 12 వేల క్యూరీల కొత్త కోబాల్ట్ కొనుక్కోవాలి. రైస్ మిల్లు ఖాళీగా ఉంటే కరెంటు బిల్లయినా తగ్గుతుంది, ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. కోబాల్ట్ లేకుండా కరెంటుతోనే కిరణాలు పుట్టించే ఎలక్ట్రాన్ యంత్రమైతే స్విచ్ ఆపేస్తే ఆగుతుంది, అయితే దానికి నిలకడైన కరెంటు, ఖరీదైన మరమ్మతులు, వాటిని చేయగల ఇంజినీర్లు కావాలి. పైగా ఎలక్ట్రాన్లు మందపాటి పెట్టెల లోపలి దాకా చొచ్చుకుపోలేవు కనుక సరుకును పలుచని పొరలుగా పేర్చుకోవాలి.

ఒక ఊహాలెక్క వేసుకుందాం. ప్లాంటు మీద వడ్డీ, తరుగుదల, జీతాలు, కోబాల్ట్ కలిపి ఏటా 2 కోట్ల రూపాయల స్థిర ఖర్చు అనుకోండి. రోజుకు 10 టన్నుల చొప్పున 300 రోజులు నడిస్తే కిలోకు 7 రూపాయల లోపే పడుతుంది. కిలో మటన్ 800 రూపాయలు దాటిన ఈ రోజుల్లో అది ఒక్క శాతం కూడా కాదు, ఎవరికీ బరువనిపించదు. అదే ప్లాంటుకు రోజుకు ఒక్క టన్నే వస్తే కిలోకు దాదాపు 67 రూపాయలు. నా అంకెలు మార్చి చూసుకున్నా ఫలితం ఇదే దారిలో ఉంటుంది: ప్లాంటు ధర కంటే, మోతాదు కంటే, అది ఎన్ని గంటలు నిండుగా నడుస్తుందన్నదే కిలో ఖర్చును నిర్ణయిస్తుంది. కేంద్రం ఇచ్చే సాయం మామూలు ప్రాంతాల్లో అర్హమైన ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 కోట్ల రూపాయలు. అది కట్టడానికి పనికొస్తుంది గానీ, ఖాళీ ప్లాంటును ఏళ్ల తరబడి మోయడానికి కాదు.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. అమెరికాలో గొడ్డుమాంసానికి ఎలక్ట్రాన్ కిరణాలు ఇచ్చే వ్యాపారంలో పేరు తెచ్చుకున్న ష్యూర్‌బీమ్ అనే సంస్థ 2004 జనవరిలో దివాలా తీసింది. ఎర్ర మాంసానికి అక్కడి ప్రభుత్వం 1997లోనే అనుమతి ఇచ్చింది, కలుషిత మాంసం వల్ల జనం జబ్బుపడిన ఘటనలు అంతకు ముందే ఆ దేశాన్ని కుదిపేశాయి, అంటే అవసరమూ ఉంది, అనుమతీ ఉంది. అయినా యంత్రాలకు సరిపడా సరుకు అందలేదు. జబ్బు రాకపోవడమనే లాభం కొనేవాడి కంటికి కనిపించదు, కనిపించని లాభానికి కొట్టు దగ్గర ఎవరూ అదనంగా చెల్లించరు. ఆ లాభం సమాజానిది కనుక, రేడియేషన్ ఖర్చులో కొంత భాగాన్ని ప్రజారోగ్య ఖర్చుగా ప్రభుత్వం భరించాలన్న వాదనలో న్యాయం ఉందని నా అభిప్రాయం, ముఖ్యంగా కోడిమాంసం విషయంలో.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రేడియేషన్ ఇచ్చిన పచ్చి మాంసం ఫ్రిజ్ అవసరం లేకుండా నిలుస్తుందని చాలామంది అనుకుంటున్నారు. అది నిజం కాదు. 3 కిలోగ్రేల మోతాదు మాంసంలోని ఎంజైములను ఆపలేదు, బోట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషబాధ తెచ్చే బ్యాక్టీరియా బీజాలను పూర్తిగా చంపలేదు, అంతకు ముందే తయారైన విషాలను తీసివేయలేదు. కొవ్వు గాలి తగిలి చెడు వాసన పట్టకుండా ఉండాలంటే గాలి తీసేసిన సంచిలో ప్యాక్ చేయాలి. అయితే గాలి లేని సంచిలోనే బోట్యులిజం బీజాలకు అనువైన చోటు దొరుకుతుంది. మామూలుగా మాంసం కుళ్లినప్పుడు వాసనతో మనల్ని హెచ్చరించే సూక్ష్మజీవులు కూడా రేడియేషన్‌కు చచ్చిపోయి ఉంటాయి కనుక, దారిలో చల్లదనం తప్పిన ప్యాకెట్ చూడ్డానికి, వాసనకు బాగానే ఉండి లోపల ప్రమాదకరంగా మారే అవకాశం ఉంది. కాబట్టి రేడియేషన్ ఇచ్చిన మాంసానికి చల్లదనం తక్కువ కాదు, ఇంకా నమ్మకంగా, ఇంకా ఎక్కువ రోజులు కావాలి. ఫ్రిజ్ లేకుండా ఏళ్ల తరబడి నిలిచే మాంసం కావాలంటే మోతాదు పది రెట్లు దాటాలి. అమెరికా వ్యోమగాముల మాంసానికి కనీసం 44 కిలోగ్రేలు ఇస్తారు, అదీ గడ్డకట్టించి. ఆ మోతాదులో మనం చెప్పుకున్న ప్లాంటు గంటకు 36 కిలోలే చేయగలదు.

ఆస్ట్రేలియా నుంచి గాలి తీసిన సంచుల్లో చల్లగా ఓడలెక్కే గొర్రె మాంసం రెండు నెలలకు పైగా నిలుస్తుంది. దానికి రేడియేషన్ ఇవ్వరు. శుభ్రమైన కోత, కోసిన వెంటనే చల్లబరచడం, 0 డిగ్రీల దగ్గర గీత తప్పని ఉష్ణోగ్రత, ఇంతే. గల్ఫ్ మార్కెట్‌లో మన మాంసం అలాంటి మాంసంతోనూ పోటీ పడాలి. మన వేసవిలో నల్లగొండ ఎండ 43, 44 డిగ్రీలకు చేరుతుంది. ఉదయం కోసిన యాటను కొక్కేనికి వేలాడదీసి, ఈగలు ముసురుతుండగా మధ్యాహ్నం దాకా అమ్మే పద్ధతిలో, సాయంత్రానికి మిగిలిన ముక్కకు రేడియేషన్ ఇచ్చినా అది మంచి మాంసం అయిపోదు. అప్పటికే చెడిపోయిన సరుకును శుద్ధి చేయడాన్ని నిబంధనలు కూడా ఒప్పుకోవు.

మన దగ్గర మాంసం నిలవ చేసే పాత పద్ధతి లేకపోలేదు. పండుగకు కోసిన యాటలో మిగిలిన మాంసాన్ని సన్నగా పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద ఎండబెట్టి ఒట్టి తునకలు చేసుకోవడం ప్రతి పల్లెకూ తెలుసు. పచ్చి మాంసంలో నూటికి 70 పాళ్లకు పైగా నీరే కనుక కిలో మాంసం ఎండి పావుకిలోకు కాస్త అటూ ఇటూగా మిగులుతుంది. ఖర్చు దాదాపు లేదు, కానీ తూకం పోతుంది, రుచీ మారిపోతుంది. ఇంటి అవసరానికి అది చాలు, అమ్మకానికి చాలదు. అయితే ఆ తునకలకు శుభ్రమైన ఆరబెట్టే గదులు, మంచి ప్యాకెట్లు సమకూరిస్తే నగరంలో కొనేవాళ్లు ఉంటారు. ఎండిన పదార్థానికి చల్లదనం బాధ కూడా తక్కువ. మహిళా సంఘాలు చేయగల ఈ చిన్న పనిని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

రేడియేషన్ ఆర్థికంగా నిజంగా ఎక్కడ పనికొస్తుందో కూడా చెప్పాలి. మనవాళ్లు కళ్లముందు కోసిన మాంసాన్నే కొంటారు, అదీ ఎక్కువగా ఆదివారం. అంటే కోత పని, కసాయి శ్రమ, దుకాణం అద్దె అన్నీ వారంలో ఒక్క పూట మీద ఆధారపడి ఉన్నాయి. నిలవ రెండు మూడు వారాలకు పెరిగితే కోతశాల వారమంతా ఒకే తీరున నడవవచ్చు, అంగడిలో ధర పడిపోయిన రోజున జీవాలు కొని పండుగ గిరాకీకి మాంసం సిద్ధం చేసుకోవచ్చు, హోటళ్లకూ హాస్టళ్లకూ ఆసుపత్రులకూ ముందే ఒప్పుకున్న తూకం అందించవచ్చు. నిలవ పెంచడంలో ఉన్న అసలు లాభం నా దృష్టిలో ఈ సర్దుబాటే, గల్ఫ్ ధర కాదు. ఎగుమతి అనేది కొనే దేశం చట్టం మీద ఆధారపడి ఉంటుంది. ఐరోపా యూనియన్ అంతటికీ వర్తించే అనుమతుల జాబితాలో ఎండిన మూలికలు, మసాలాలు తప్ప మాంసం లేదు. గల్ఫ్‌లో ఏ దేశానికి పంపదలచుకున్నా అక్కడి అనుమతి రాతపూర్వకంగా చేతికి వచ్చాకే పెట్టుబడి గురించి ఆలోచించాలి.

ఈ లాభం ఎవరి జేబులోకి వెళుతుందన్నది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1 కోటి 91 లక్షల గొర్రెలున్నాయి, దేశంలో మొదటి స్థానం మనదే, అందులో పాలమూరు (మహబూబ్‌నగర్) వాటా పెద్దది. 2017లో మొదలైన పథకంలో 75 శాతం సబ్సిడీతో ఒక్కొక్కరికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. జీవాలను పెంచడానికి ఇంత ఖర్చు పెట్టిన ప్రభుత్వం, పెరిగిన జీవాలను అమ్ముకునే చోటును మాత్రం పాత తీరుకే వదిలేసింది. వనపర్తి జిల్లా పెబ్బేరు గొర్రెల సంతకు వెళ్లి చూడండి. బేరగాడు పొట్టేలు నడుము మీద చేయి వేసి, వేళ్లతో వెన్నుపూస పక్కన నొక్కి చూసి, "పన్నెండు కిలోలు పడుతది" అంటాడు. అది పద్నాలుగు కిలోలు పడినా ఆ రెండు కిలోల డబ్బు గొల్లకుర్మ చేతికి రాదు, ఎందుకంటే అక్కడ జీవాన్ని తూచే కాటా లేదు. ఆ తరువాత జీవాలు లారీల్లో హైదరాబాద్‌లోని జియాగూడ జీవాల మండీకి పోతాయి, దారిలో దప్పికకూ వేడికీ తూకం తగ్గుతుంది, ఆ తరుగును దళారి ముందే ధరలో కోసుకుని ఉంటాడు. తలకాయ, కాళ్లు, బోటి, తోలు మీద వచ్చే రాబడి కోసిన చోటుకే చెందుతుంది కనుక అది కూడా నగరానికే పోతుంది. ఈ ఏర్పాటు మారకుండా హైదరాబాద్ శివార్లలో రేడియేషన్ ప్లాంటు కడితే, నిలవ పెరగడం వల్ల వచ్చే బేరమాడే బలం నిలవ చేసుకునే వ్యాపారికే దక్కుతుంది, మందను మేపినవాడికి కాదు.

అందువల్ల మా ప్రాంతానికి రేడియేషన్ ప్లాంటు మంజూరైతే, అది మాంసం ఒక్కదాని మీద బతికేదిగా ఉండకూడదు. కొల్లాపూర్ మామిడి వేసవిలో వస్తుంది, దేవరకద్ర ఉల్లి తన కాలంలో వస్తుంది, మిరప, మసాలాలు ఏడాది పొడవునా ఉంటాయి. ఉల్లికి చాలా తక్కువ మోతాదు చాలు కనుక మనం చెప్పుకున్న అదే కోబాల్ట్ గంటకు 16 టన్నుల ఉల్లిని చేయగలదు, మసాలాలకు 10 కిలోగ్రేలు కావాలంటే 160 కిలోలే చేయగలదు. ప్రపంచంలో కోబాల్ట్‌తో నడిచే గామా ప్లాంట్లకు ప్రధాన రాబడి సిరంజీలు, శస్త్రచికిత్స సామగ్రి వంటి వైద్య పరికరాల నుంచి వస్తుంది, ఆహారం వాటా చిన్నది. ఇన్ని రకాల సరుకు కలిస్తేనే కోబాల్ట్ వృథా కాదు. అలాంటప్పుడు మాంసానికి ప్లాంటులో ప్రత్యేకంగా రెండు చల్లని గదులు, శుద్ధి కాని సరుకుకు ఒకటి, శుద్ధి అయిన సరుకుకు ఒకటి, మధ్యలో దాటరాని గోడతో ఉండాలి. వాటి ఖర్చును ప్రాజెక్టు నివేదికలో మొదటి నుంచీ చూపించాలి.

జనం భయం గురించి కూడా ఒక మాట. లంబాపూర్, పెద్దగట్టు, అమ్రాబాద్ పేర్లు చెబితే మా ప్రాంతంలో యురేనియం తవ్వకాల మీద జరిగిన పోరాటాలు గుర్తుకొస్తాయి, ఆ పోరాటాలు న్యాయమైనవే. కోబాల్ట్ ప్లాంటు అలాంటిది కాదు. అక్కడ తవ్వేది ఏమీ ఉండదు, కోబాల్ట్ గామా కిరణాలకు ఆహారాన్ని రేడియోధార్మికంగా మార్చే శక్తి లేదు, ప్లాంటుకు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి తప్పనిసరి. అయినా ఊళ్లో చెప్పకుండా కడితే అనుమానం పుట్టడం సహజం. కనుక గ్రామసభ పెట్టాలి, పాత కడ్డీలు ఎప్పుడు ఎలా తిరిగి వెళతాయో తెలుగులో రాసి ఇవ్వాలి. ప్యాకెట్ మీద ఆకుపచ్చ రేడియేషన్ ముద్ర, శుద్ధి చేసిన తేదీ చట్టప్రకారం ఉండాల్సిందే, విడిగా తూచి అమ్మడానికి వీల్లేదు. ఆ ముద్రను చూసి జనం భయపడతారని దాచే ప్రయత్నం చేస్తే నమ్మకం మొదట్లోనే పోతుంది.

రాష్ట్ర పశుసంవర్ధక శాఖకూ, కేంద్ర ఆహారశుద్ధి పరిశ్రమల శాఖకూ నా విన్నపం ఇది. ముందుగా పెబ్బేరులోనూ, మిగతా పెద్ద అంగళ్లలోనూ జీవాలను తూచే కాటాలు పెట్టి కిలో లెక్కన బేరం జరిగేలా చూడాలి. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు చెరొకటి చొప్పున రోజుకు 100 జీవాలతో మొదలయ్యే కోతశాలను, చల్లని గదులతో సహా, గొర్రెల పెంపకందార్ల సహకార సంఘాల యాజమాన్యంలో కట్టాలి. అక్కడి ప్యాకెట్లను చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ పర్యవేక్షణలో, ఇప్పటికే నడుస్తున్న ఏదైనా గామా ప్లాంటులో కూలికి శుద్ధి చేయించి, ఒక ఏడాది పాటు హోటళ్లకూ హాస్టళ్లకూ అమ్మి చూడాలి. ఎంత మాంసం వెనక్కి వచ్చింది, చల్లదనం ఎక్కడ తప్పింది, కిలోకు చివరికి ఎంత పడింది, అందులో గొల్లకుర్మకు ఎంత చేరింది అన్న నాలుగు అంకెలను నెలనెలా పత్రికల్లో ప్రకటించాలి. సొంత ప్లాంటు కావాలో వద్దో ఆ అంకెలు చూసి సహకార సంఘాల సర్వసభ్య సమావేశాలు నిర్ణయించుకోవాలి. అంతవరకు మా ప్రాంతం పేరు మీద మాంసానికి మాత్రమే ఉద్దేశించిన ఏ రేడియేషన్ ప్లాంటుకూ గ్రాంటు మంజూరు చేయవద్దని కోరుతున్నాను.

ఇట్లు,
పశుసంవర్ధక శాఖ విశ్రాంత ఉద్యోగి,
దేవరకొండ, నల్లగొండ జిల్లా